లోరీ ఆండర్సన్ కథకురాలు కాదా?

కొంతకాలం క్రిందట ఒక సంస్థవారు, భారతీయ భాషలలోనికి అనువదింపదగిన విదేశ రచనల పట్టికను సిద్ధపరుస్తూ, కొందరు అనువాదకులను సలహా అడిగారు. నేను అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన లోరీ ఆండర్సన్ పేరు సూచించాను. సభలో ఉన్న పెద్దలొకరు చిరునవ్వు నవ్వి, "ఆమె రంగస్థలం మీద తీగెలూ మీటలూ పెట్టుకొని ఏదో చేస్తుందట గదా! అది సంగీతమో గారడీయో తేల్చవలసినవారు వేరే ఉన్నారు. మనకు కావలసింది సాహిత్యం" అన్నారు. వయస్సులో చిన్నవారొకరు నన్ను సమర్థించబోయి అంతకంటె ఎక్కువ అపకారం చేశారు. "అలా అనకండి. ఎలక్ట్రానిక్ సంగీతంలో ఆమె మార్గదర్శి. క్రొత్త వాద్యాలు కనిపెట్టింది. చలనచిత్రాలు తీసింది" అని ఏకరువు పెట్టారు. ఆ ఏకరువు విన్నకొద్దీ పెద్దలవారి అభిప్రాయమే బలపడింది. పట్టికలో ఆమె పేరు చేరలేదు.

ఆ ఇద్దరికీ ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం. ఒకరు యంత్రాన్ని చూసి భయపడ్డారు. మరొకరు యంత్రాన్ని చూసి మురిసిపోయారు. ఇద్దరూ యంత్రాన్నే చూశారు. ఆ యంత్రం వెనుక నిలబడి కథ చెబుతున్న మనిషిని ఇద్దరూ చూడలేదు. లోరీ ఆండర్సన్ మొదటినుంచీ కథకురాలు. ఆమె వాద్యాలూ, దీపాలూ, తెరలూ, చలనచిత్రాలూ అన్నీ కథ చెప్పడానికి ఆమె సమకూర్చుకొన్న సాధనాలు. ఆమెను సాహిత్యం వెలుపల నిలబెట్టినవారు ఆమెకు చేసే అన్యాయం స్వల్పం. సాహిత్యమనే మాట అర్థాన్ని కుదించి మనకు మనం చేసుకొనే అన్యాయం అధికం.

ముందుగా ఆమె ఎవరో చెప్పవలసి ఉంది. ఆమె 1947లో జన్మించింది. చికాగో నగర సమీపాన గ్లెన్ ఎలిన్ అనే ఊరిలో, ఎనిమిదిమంది సంతానంలో ఒకతెగా పెరిగింది. చిన్ననాటనే వయొలిన్ నేర్చుకొంది. 1969లో బర్నార్డ్ కళాశాలలో కళాచరిత్రలో పట్టం పుచ్చుకొని, 1972లో కొలంబియా విశ్వవిద్యాలయంలో శిల్పకళలో ఉన్నత పట్టం పొందింది. తరువాత కొంతకాలం న్యూయార్కులో కళాచరిత్ర బోధించింది. తెరమీద చిత్రాలు చూపుతూ పాఠం చెప్పేటప్పుడు అసలు విషయాలు మరచిపోయి, అప్పటికప్పుడు కథలు కల్పించి చెప్పేదాన్నని ఆమే చెప్పుకొంది. చీకటి గది, వెలుగుతున్న తెర, దాని ప్రక్కన కథ చెబుతున్న ఒక స్త్రీ: ఆమె భావి ప్రదర్శనల స్వరూపమంతా ఆ తరగతి గదిలోనే ఉంది. అప్పటికి ఆమె ఏ వాద్యాన్నీ కనిపెట్టలేదు. కథ ముందు వచ్చింది, యంత్రం తరువాత వచ్చింది. ఈ క్రమాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఇక పెద్దలవారి మొదటి అభియోగం: యంత్రం చేరినచోట మానవ కంఠం చచ్చిపోతుందని. వినడానికి ఈ మాట గంభీరంగానే ఉంటుంది. కాని ఆండర్సన్ చేసిన పనులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఇది నిలవదు.

1970ల మధ్య ఆమె న్యూయార్కు వీధులలోనూ ఇటలీ దేశపు జెనోవా నగరంలోనూ ఒక ప్రదర్శన ఇచ్చింది. మంచు మీద జారేందుకు ధరించే పాదరక్షల అడుగు పలుగులను రెండు మంచుగడ్డలలో గడ్డకట్టించి, వాటిని తొడుక్కొని, వీధిలో నిలబడి వయొలిన్ వాయించింది. ఆ వయొలిన్ లోపల చిన్న లౌడుస్పీకరు ఉంది. అందులోనుంచి ముందుగా రికార్డు చేసిన సంగీతం వస్తుంటే, దానికి జతగా తాను వాయించింది. మంచుగడ్డలు కరిగిపోవడంతో కచేరీ ముగుస్తుంది. చూసినవారికి ఇది వింత. కాని దాని వెనుక ఆమె చెప్పిన కథ ఒకటుంది. తన అమ్మమ్మ మరణించిన రోజున ఆమె గడ్డకట్టిన ఒక సరస్సు వద్దకు వెళ్లిందట. అక్కడ బాతులున్నాయి. దగ్గరకు వెళ్లినా అవి ఎగిరిపోలేదు. వాటి పాదాలు మంచులో చిక్కుకొని ఉన్నాయి. ఈ కథ తెలిసిన తరువాత ఆ మంచుగడ్డలను గారడీ అనగల సాహసం ఎవరికి ఉంటుంది? దుఃఖంలో పాదాలు కదలని స్థితిని మాటలతో వర్ణించేవారు వందలమంది ఉన్నారు. ఆమె ఆ స్థితిని తొడుక్కొని నిలబడింది.

1977లో ఆమె తయారుచేసిన వాద్యం మరింత ప్రసిద్ధమైంది. వయొలిన్ కమానుకు గుర్రపు వెండ్రుకల స్థానంలో, ధ్వనిని ముద్రించిన టేపు ముక్కను బిగించింది. వయొలిన్ మీద తీగెలను మోసే గుర్రం ఉండేచోట, టేపును చదివే అయస్కాంత శిరస్సును అమర్చింది. కమానును ఒకవైపు లాగితే టేపులోని మాట పలుకుతుంది. వెనుకకు త్రోస్తే అదే మాట తిరగబడి పలుకుతుంది. వేగం పెంచితే మాట సన్నబడుతుంది; తగ్గిస్తే మూలుగుతుంది. దీనిని సంగీత చరిత్రకారులు వాద్యాల జాబితాలో చేర్చుకొంటారు. నేను అనువాదకునిగా దీనిని భాషాశాస్త్ర విషయంగా చూస్తాను. అర్థం మాటలో ఎంత ఉంది, ఉచ్చరించే చేతిలో ఎంత ఉంది అన్న ప్రశ్నను చెవికి వినిపించేటట్లు అడిగిన వాద్యం ఇది. ఆ ప్రశ్న మా వృత్తిలో ప్రతి వాక్యం వద్దా ఎదురవుతుంది.

మూడవది, ఆమె కంఠాన్ని పురుష కంఠంగా మార్చే యంత్రం. మైక్రోఫోనులో మాట్లాడుతుంటేనే ధ్వని స్థాయి దిగజారి, బరువైన మగగొంతు వెలువడుతుంది. దానికి ఆమె 'అధికార స్వరం' అని పేరు పెట్టింది. వ్యాపార ప్రకటనకర్త, వార్తలు చదివేవాడు, సభలో తీర్పులు చెప్పే పెద్దమనిషి, అందరూ ఆ గొంతులో పలుకుతారు. 2010లో వెలువడిన 'హోమ్‌లాండ్' నాటికి ఆ గొంతు ఫెన్వే బెర్గమాట్ అనే పేరుగల పాత్రగా ఎదిగింది. మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వేషం ఆహార్యం, వాక్కు వాచికం. ఆండర్సన్ యంత్రం చేసిన పని వాచికానికి ఆహార్యం తొడగడం. ముఖానికి రంగు పూసుకొన్న నటుడి ముఖం చచ్చిపోయిందని ఎవరూ అనరు. గొంతుకు వేషం వేస్తే మాత్రం గొంతు చచ్చిపోయినట్లా?

యంత్రం ఆమె చేతిలో ఎంతటి వాక్కుగా మారిందో తెలియాలంటే 1981లో వెలువడిన 'ఓ సూపర్‌మాన్' వినాలి. ఒక చిన్న సంస్థ కొద్ది ప్రతులతో విడుదల చేసిన ఎనిమిది నిమిషాలకు పైబడిన ఈ గానం, బ్రిటిష్ రేడియోలో ప్రసారమై, ఆ ఏడాది బ్రిటన్ జనాదరణ పట్టికలో 2వ స్థానానికి ఎక్కింది. దీనికి మూలప్రేరణ ఫ్రెంచి స్వరకర్త మాస్నే 1885లో రచించిన 'ల సీద్' అనే సంగీత నాటకంలో, యుద్ధానికి ముందు ఒక వీరుడు దైవానికి చేసుకొనే ప్రార్థన. తక్షణ కారణం మరొకటి. ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్ దౌత్య సిబ్బందిని విడిపించడానికి 1980 ఏప్రిల్‌లో పంపిన సైనిక దళం ఎడారిలో విఫలమైంది. తిరుగుముఖంలో ఒక హెలికాప్టరు రవాణా విమానానికి తగిలి 8 మంది సైనికులు మరణించారు. యంత్రబలం మీద ఒక మహారాజ్యం పెట్టుకొన్న నమ్మకం ఇసుకలో కూలిన ఘటన అది.

ఆండర్సన్ ఆ ఘటనను వర్ణించలేదు. తన కంఠంతో పలికిన 'హ' అనే ఒక్క అక్షరాన్ని యంత్రం చేత ఆద్యంతం తిరిగి తిరిగి పలికించింది. అది ఊపిరా, నవ్వా, ఏడుపా తెలియదు. దానిమీద టెలిఫోనులో సందేశాలు గ్రహించే యంత్రపు సన్నివేశం ఒకటి నడుస్తుంది. తల్లి గొంతు వస్తుంది. తరువాత ఎవరిదో తెలియని గొంతు వస్తుంది. తల్లి ఒడి ఆశ్రయం క్రమంగా సైనికబలం ఆశ్రయంగా మారిపోతుంది. వినేవానికి భయం వేసేసరికి, లాలిపాటలో ఉన్నానో, యుద్ధ ప్రకటనలో ఉన్నానో తెలియని స్థితి ఏర్పడుతుంది. యంత్రాన్ని నమ్ముకొన్న రాజ్యాన్ని యంత్రం నోటనే విమర్శించిన రచన ఇది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో గోపురాలు కూలిన తరువాత వారం దాటీ దాటకముందే, 19, 20 తేదీలలో ఆమె అదే నగరంలో టౌన్ హాలు వేదిక మీద దీనిని మళ్లీ వినిపించింది. ఇరవై ఏండ్ల నాటి విమానాల ప్రస్తావన ఆ రాత్రులలో క్రొత్తగా వ్రాసినట్లు వినిపించింది. కాలం మారినా అర్థం క్రొత్తగా పుట్టుకొచ్చే రచనను మనం ఏ పేరుతో పిలుస్తాం? సాహిత్యమనే గదా!

ఇక రెండవవారి వైపు తిరుగుతాను. ఆమెను 'మార్గదర్శి' అని పొగిడేవారు, ఆమె ఏ ఏడాది ఏ పరికరం వాడిందో లెక్క చెబుతారు. 1986లో ఆమె స్వయంగా దర్శకత్వం వహించిన 'హోమ్ ఆఫ్ ది బ్రేవ్' చిత్రంలో, దుస్తులలో కుట్టిన మృదంగ సాధనాల మీద చరుస్తూ తన ఒంటినే వాద్యంగా చేసుకొన్నదని ఆశ్చర్యపోతారు. 1999లో మెల్విల్ నవల 'మోబీ డిక్' ఆధారంగా చేసిన ప్రదర్శనలో నిలువెత్తు 'మాట్లాడే కర్ర'ను వాడిందని వర్ణిస్తారు. ఇవి నిజాలే. కాని పరికరం పేరుతో నిలిచిన కీర్తి పరికరంతోనే పాతబడుతుంది. 1995లో ఆమె కంప్యూటరు కోసం వెలువరించిన 'పపెట్ మోటెల్' చక్రిక నేటి సాధారణ యంత్రాలలో నడవదు. 2012లో శాండీ తుపాను న్యూయార్కును ముంచెత్తినప్పుడు ఆమె ఇంటి నేలమాళిగలో దాచుకొన్న వాద్యాలూ సామగ్రీ నీటిపాలయ్యాయి. ఆ నష్టం నుంచి ఆమె క్రోనోస్ వాద్యచతుష్టయంతో కలిసి 'లాండ్‌ఫాల్' అనే రచన చేసింది. 2018లో అది రికార్డుగా వెలువడింది. వాద్యాలు మునిగిపోయాయి, మునిగిపోయాయన్న కథ మిగిలింది. ఆమెలో నశించేది ఏదో, నిలిచేది ఏదో ఇంతకంటె స్పష్టంగా చెప్పనక్కరలేదు.

2003లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఆమెను తన మొట్టమొదటి ఆస్థాన కళాకారిణిగా నియమించింది. యంత్రాల మీద మోజే ఆమె ప్రాణమైతే, అంతటి యంత్రశాల అందుబాటులోకి వచ్చినప్పుడు ఏదో బ్రహ్మాండాన్ని నిర్మించి ఉండవలసింది. ఆమె నిర్మించింది 2004 నాటి 'ది ఎండ్ ఆఫ్ ది మూన్'. ఒంటరిగా వేదిక మీద నిలబడి, వయొలిన్ పట్టుకొని, కొద్దిపాటి దీపాల వెలుగులో ఆమె కథలు చెప్పింది.

న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఆమె అన్ని ప్రదర్శనలలోనూ ఈ తూకం కుదరలేదు. 'మోబీ డిక్' ప్రదర్శనలో సామగ్రి బరువు క్రింద కథ ఊపిరాడక పోయిందని నా అభిప్రాయం. కాని ఆ మాట అంటున్నప్పుడు నేను ఆమెను కథకురాలిగానే కొలుస్తున్నాను. యంత్రనిపుణురాలిగా కొలిస్తే అది లోపమే కాదు.

పెద్దలవారి రెండవ అభియోగం మరింత మౌలికమైనది. పుటమీద లేనిది సాహిత్యం కాదని వారి భావం. ఇది మన ఆలంకారికులు చెప్పిన మాట కాదు. వారు కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని విభజించారు. చూడదగినది ఒకటి, వినదగినది ఒకటి. 'లిఖిత కావ్యం' అనే మూడవ తెగను వారు ఎరుగరు. సాహిత్యానికి మనం వాడుకొనే మరొక పేరు వాఙ్మయం. వాక్కుతో నిండినది అని దాని అర్థం. తెలుగులో మనం పిల్లలకు కథ 'చెబుతాం'. హిందీలో కథను 'కహానీ' అంటారు. చెప్పడమనే అర్థంగల 'కహ్‌నా' అనే క్రియా, ఆ మాటా ఒకే ధాతువుకు సంతానం. ఇన్ని భాషలలో ఇన్ని మాటలు సాక్ష్యం చెబుతుండగా, అచ్చుయంత్రం వచ్చిన తరువాత పుట్టిన అలవాటును సనాతన ధర్మంగా భావించడం ఎంత చిత్రం! అచ్చుయంత్రం కూడా యంత్రమే గదా!

కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, తానే రచించిన కథను తానే పాడి, తానే ఆడి, తానే వ్యాఖ్యానించిన ఆదిభట్ల నారాయణదాసుగారిని (1864–1945) మనం సాహిత్యవేత్త అని గౌరవిస్తాం. ఆయన హరికథలను అచ్చులో చదివి, ఆ కంఠమూ ఆ లయా ఊహించుకొని ఆనందిస్తాం. హరికథకూ ఆండర్సన్ ప్రదర్శనకూ చుట్టరికం కలపాలని నా ఉద్దేశం కాదు. రెండు సంప్రదాయాల మూలాలు వేరు. నేను అడిగేది ఒక్కటే. ఒకే మనిషి మాట, పాట, వాద్యం, అభినయం కలిపి కథ నడిపితే సాహిత్యమవుతుందని ఒకచోట ఒప్పుకొన్నవారు, మరొకచోట తీగె కనిపించగానే ఎందుకు కాదంటారు?

ఆమె రచనకు అచ్చురూపం లేదా అంటే, ఉంది. 1983 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో రెండు సాయంత్రాలుగా, సుమారు ఎనిమిది గంటలసేపు ఆమె ప్రదర్శించిన 'యునైటెడ్ స్టేట్స్' నాలుగు భాగాల రచన. ప్రయాణం, రాజకీయం, ధనం, ప్రేమ అన్నవి వాటి విషయాలు. 78 ఖండికలు గల ఆ కృతి 1984లో గ్రంథరూపంగా కూడా వెలువడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1925లో నెలకొల్పిన చార్లెస్ ఎలియట్ నార్టన్ పీఠం పేరే కవిత్వ పీఠం. టి. ఎస్. ఎలియట్, బోర్హెస్ వంటివారు ఉపన్యసించిన ఆ పీఠం నుంచి 2021లో ఆమె ఆరు ఉపన్యాసాలు ఇచ్చింది. బిరుదులు వాదానికి బదులు కావు. అయినా కవిత్వం పేరిట ఉన్న పీఠం ఆమెకు చోటిచ్చినప్పుడు, మన పట్టిక ఆమెకు ఒక పంక్తి ఇవ్వలేకపోవడం ఆలోచింపదగినది.

ఇన్ని ఉదాహరణలలోనూ నాకు అత్యంత ముఖ్యమైనది 2015లో ఆమె తీసిన 'హార్ట్ ఆఫ్ ఎ డాగ్' అనే చిత్రంలో ఉంది. ఆమె పెంచుకొన్న లోలాబెల్ అనే కుక్క మరణం, తల్లి మరణం, టిబెట్టు బౌద్ధులు చెప్పే 'బార్డో' అనే మరణానంతర స్థితి ఆ చిత్రానికి విషయాలు. 2013లో మరణించిన ఆమె భర్త, గాయకుడు లూ రీడ్‌కు అది అంకితం. అందులో ఆమె తన పన్నెండేండ్ల నాటి సంగతి ఒకటి చెబుతుంది. ఈతకొలను వద్ద ఎత్తునుంచి పల్టీకొట్టబోయి, గట్టుమీద పడి వెన్నెముక విరిగింది. ఇక నడవలేవని వైద్యుడు చెప్పాడు. వైద్యుని మాట తప్పని తేలడం, పెద్దలు తనను పసిపిల్లగా చూస్తే విసుగు కలగడం, ఇలా ఎన్నో ఏండ్లపాటు ఈ కథను ఆమె వినోదంగా చెప్పుకొంటూ వచ్చింది. ఒకసారి చెబుతుండగా మధ్యలో మరొకటి జ్ఞాపకం వచ్చింది. తాను పడుకొన్నది కాలిన గాయాలతో ఉన్న పిల్లల వార్డులో. రాత్రివేళ ఆ పిల్లల రోదన వినిపించేది. కొందరు తెల్లవారేసరికి ఉండేవారు కాదు. ఆ రోదనను తన కథలోనుంచి తానే తీసివేసింది. తీసివేసినట్లు కూడా మరచిపోయింది. కథను చెప్పినకొద్దీ జరిగినది మరుగున పడుతుందని ఆమె అక్కడ గ్రహిస్తుంది.

కథ చెప్పడమనే పని మీద ఇంతకంటె నిర్దాక్షిణ్యమైన విమర్శను నేను ఈ మధ్య ఏ గ్రంథంలోనూ చదవలేదు. ఇది కథన ధర్మానికి సంబంధించిన మూల ప్రశ్న. ఆత్మకథలు వ్రాసేవారు, చరిత్రలు వ్రాసేవారు, దేశాల గాథలు వ్రాసేవారు, అందరూ దీనికి సమాధానం చెప్పుకోవలసినవారే. మనం ఏ రోదనను తీసివేసి కథను వినోదంగా చేశాం? ఈ ప్రశ్న అడిగినది చలనచిత్రమైనందున సాహిత్య విద్యార్థి దీనిని వినకూడదా?

ఈ వివాదం ఒక పట్టికతో, ఒక పేరుతో ముగిసేది కాదు. నేడు ఎవరూ మాట్లాడకుండానే మాట్లాడే యంత్రాలు వచ్చాయి. మనిషి గొంతును అనుకరించే ప్రోగ్రాములు, అడిగినదే తడవుగా వాక్యాలు అల్లే ప్రోగ్రాములు ఇంటింటా చేరాయి. ఆండర్సన్ 2020లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో, యంత్రాలకు నేర్చే శక్తి కల్పించే శాస్త్రానికి అంకితమైన పరిశోధన సంస్థలో అతిథి కళాకారిణిగా చేరి, తన రచనలనూ లూ రీడ్ రచనలనూ నమూనాగా గ్రహించి వాక్యాలు అల్లే ప్రోగ్రాములతో ప్రయోగాలు చేసింది. అవి అల్లేవాటిలో అధిక భాగం పనికిరానివని బహిరంగంగానే చెప్పింది. యంత్రాన్ని అసహ్యించుకోలేదు, ఆరాధించలేదు. వచ్చిన దానిని ఏరుకొంది. ఏరడమే రచయిత పని. 'ఈ గొంతు ఎవరిది? ఎవరి అధికారంతో మాట్లాడుతున్నది?' అని నలభై ఏండ్లకు పైగా యంత్రం ముందు నిలబడి అడుగుతూ వచ్చిన వ్యక్తి అనుభవం, ఈ కాలంలో మనకు ఎంతో అవసరం.

యంత్రం కంఠాన్ని చంపుతుందన్న వారికి చివరగా ఒక్క ఉదాహరణ. గ్వాంటానమో చెరసాలలో బాల్యంలోనే బంధింపబడి, 2009లో విడుదలైన మొహమ్మద్ అల్ ఘరానీకి అమెరికాలో అడుగుపెట్టే అనుమతి లేదు. 2015లో ఆండర్సన్ న్యూయార్కులోని పార్క్ అవెన్యూ ఆర్మరీలో, పశ్చిమ ఆఫ్రికాలో కూర్చొని ఉన్న అతని రూపాన్ని ఒక పెద్ద శిల్పాకృతి మీద ప్రసరింపజేసింది. అతడు తన కథ తన నోట చెప్పుకొన్నాడు. ఆ దేశపు పౌరులు కూర్చొని విన్నారు. మనిషిని రానివ్వని గడపను అతని కంఠం దాటింది. దాటించినది యంత్రం, దాటవలసిన కంఠం ఏదో నిర్ణయించినది కథకురాలు.

ఆమెను అనువదించడం సులభమని నేను అనను. మాటకూ మాటకూ మధ్య ఆమె పాటించే మౌనానికి తెలుగులో అక్షరం లేదు. 1984 నాటి గ్రంథం చదివినవారికి ప్రదర్శన ముందు అది పలుచగానే కనిపిస్తుంది. నాటకం చదివినా అంతే. అయినా నాటకాలను మనం అనువదిస్తూనే ఉన్నాం. విరామాలు గుర్తించి, గొంతు మారినచోట మారిందని తెలిపి, వీలైతే వినిపించే ప్రతిని జతచేసి, ఈ పని చేయవచ్చు. కష్టమైన పనిని కష్టమని వదిలివేయడం వేరు, సాహిత్యం కాదని వదిలివేయడం వేరు. మొదటిది మన అశక్తత. దానిని ఒప్పుకోవడంలో అవమానం లేదు. రెండవది అశక్తతకు సిద్ధాంతం వేషం వేయడం. ఆ పట్టికను మళ్లీ తిరగవేసే రోజు వస్తుంది. ఆ రోజున నేను అదే పేరు మళ్లీ సూచిస్తాను. అప్పుడు కూడా కాదనదలచుకొన్నవారు దయచేసి ముందు ఆమెను ఒక్కసారి విని, తరువాత కాదనాలని నా మనవి.